ఆయనకు తెలియకుండానే!

బస్టాండు మూత్రశాల గోడ మీద, మొలల చికిత్సకూ సంతాన సాఫల్యానికీ మధ్య, ఆ ప్రకటన తప్పకుండా ఉంటుంది: తాగుడు మాన్పించబడును, తాగేవారికి తెలియకుండానే. ఫోన్ చేస్తే వయసెంత, కాలేయం ఎలా ఉంది, ఫిట్స్ వచ్చాయా అని అడగరు. పిన్‌కోడ్ అడుగుతారు. కొరియర్‌లో పొడి పొట్లాలు దిగుతాయి. పప్పులోనో మజ్జిగలోనో కలిపి పెట్టాలి. రంగు, రుచి, వాసన ఉండవట. అందులో ఏముందో అమ్మేవాడికైనా తెలుసో లేదో!

ఈ మహత్కార్యంలో భార్యకు, అత్తగారికి, కొరియర్ కుర్రాడికి తలో పాత్ర ఉంది. తాగే మనిషికే లేదు.

ఇంత గుట్టు దేనికయ్యా అంటే, పరువు కోసం. ఆ పరువు రోజంతా ఎక్కడ తిరుగుతుందో మరి! సాయంత్రం పర్మిట్ రూములో నలుగురి మధ్య కూర్చున్నప్పుడు దాని జాడ ఉండదు. పెళ్లి ఊరేగింపులో డీజే ముందు చొక్కా విప్పినప్పుడూ ఉండదు. పండక్కి వచ్చిన అల్లుడికి మామగారే స్వయంగా సీసా తెచ్చి ముందు పెడుతుంటే తలుపు చాటుకైనా రాదు. సైకియాట్రీ ఓపీ అనగానే మాత్రం ఎక్కడి నుంచో ఊడిపడి గుమ్మానికి అడ్డంగా పడుకుంటుంది: ‘ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?’

అమ్మేవాళ్లకు ఈ మొహమాటం లేదు. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. అప్పుడు దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు, షాపు రాకపోయినా తిరిగి ఇవ్వలేదు. ఆ దుకాణాల్లో ఒక్క సీసా అమ్ముడుపోకముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరింది. ఇక కొనుక్కున్నవాళ్ల సంగతి: 2019లో కేంద్రం విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే ప్రకారం, దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఏదో ఒక సాయం అందింది ఒక్కరికి. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒకరు. మిగిలినవాళ్లకు గోడలున్నాయి.

పొట్లంలో ఉన్నది ఉత్త పిండే అయితే ఆ ఇంటి అదృష్టం. నిజంగా పనిచేసేది ఉంటేనే గండం. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది. 1940లలో డెన్మార్క్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్సెన్ అనే పరిశోధకులు కడుపులో పురుగులకు పనికొస్తుందేమోనని తామే మింగి చూశారు. ఆపైన మద్యం పుచ్చుకుంటే ఒంట్లో బాగుండటం లేదని గమనించారు. మద్యం నుంచి పుట్టే అసిటాల్డిహైడ్ విరిగిపోకుండా ఈ మాత్ర అడ్డుపడుతుంది. ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. తీవ్రమైతే ప్రాణమే పోవచ్చు. తాగితే ఏమవుతుందో ముందే తెలిసి, ఆ భయంతో మనిషి గ్లాసు ముట్టకుండా ఉండటానికే డాక్టర్లు దీన్ని రాస్తారు. రోగికి పూర్తిగా తెలియకుండా ఎన్నడూ ఇవ్వరాదని అమెరికాలో ఈ మందు మీద పెట్టె గీసి మరీ హెచ్చరిక ముద్రిస్తారు. గోడవైద్యుడు సరిగ్గా ఆ తెలియకపోవడాన్నే ప్రత్యేక సౌకర్యంగా అమ్ముతున్నాడు.

పొడి నచ్చనివారికి ఒట్టు ఉంది. పిల్లల తల మీద చెయ్యి వేయించి, ‘మగాడివైతే రేపట్నుంచి మానెయ్’ అంటారు. ఏళ్ల తరబడి విపరీతంగా తాగిన ఒంటికి ఆ పౌరుషం అర్థం కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు, వైన్ షాపులు ఒక్కసారిగా మూతపడ్డాయి. కొద్ది రోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం పోటెత్తారు. చేతుల వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం, ఎవరూ పిలవకుండానే పిలుపులు వినిపించడం. అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటుపడ్డవారి అవస్థ మరీ ఘోరం. మన సినిమాలు నవ్వించడానికి వాడుకునే ఆ ఎర్రగడ్డలోనే మందులిచ్చి వాళ్లను నిలబెట్టారు. తాగుడు ఆపిన రెండో మూడో రోజున వచ్చే సన్నిపాతం మనిషిని చంపగలదు. డాక్టరు చేతిలో ఉంటే మాత్రలు మెల్లగా తగ్గిస్తూ, బి1 విటమిన్ ఎక్కిస్తూ దాన్ని దాటిస్తారు.

తాగుడు మానాలనుకునేవారికి ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 14446 ఉంది. పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. వెళ్లేవాళ్లూ ఉన్నారు, బండి రెండు వీధుల అవతల ఆపి, ముఖానికి కర్చీఫు కట్టుకుని. పక్కింటాయన ఎదురుపడి ఎక్కడికంటే షుగర్ టెస్టుకని చెబుతారు. నిన్న రాత్రి కాలవ గట్టు మీద నుంచి ఈ పేషెంటును భుజాన వేసుకుని ఇంటికి చేర్చింది ఆ పక్కింటాయనే.