గంటలో వైజాగ్!

భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు పేరెత్తగానే మా వాట్సాప్ గ్రూపుల్లో వైజాగ్ బాగా దగ్గరికి జరిగిపోయింది. హైదరాబాద్ నుంచి గంటేనట! గంటుంబావు అన్నందుకు నన్ను కిట్టనివాణ్ణి చేశారు. ఇక ఆనందపురం, తగరపువలస వైపు ప్లాట్ల బ్రోచర్లయితే, ఏ వెంచర్ చూసినా ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలే. ఆ పది నిమిషాలు ఏ అర్ధరాత్రి లెక్కో మాత్రం అచ్చువేయరు.

సరే, గంటే. గాల్లో దూరం ఐదొందల కిలోమీటర్లే మరి. కానీ నా కాపురం గాల్లో లేదు, కూకట్‌పల్లిలో ఉంది. 2008లో బేగంపేట ఎయిర్‌పోర్టు మూసి శంషాబాద్ పంపించారు కదా, అక్కడికి చేరడానికే గంటన్నర. గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి రెండు గంటల ముందే హాజరు. అక్కడి ఇడ్లీ ధర నేను చెప్పను, బీపీ మాత్ర వేసుకోవాల్సొస్తుంది.

అన్నిటికన్నా ఒళ్లు మండేది ఆ ‘ముందే చేరుకున్నాం’ అన్న ప్రకటన. టికెట్ మీద వేసే సమయంలో ఎయిర్‌లైన్స్ వాళ్లు ముందే కొంత వెసులుబాటు కలుపుకుంటారు. అదీ దాటి పావుగంటలోపు ఆలస్యమైతే సమయానికి వచ్చినట్టే లెక్క. కలుపుకున్నది మిగిలిందా, ఇరవై నిమిషాలు ముందొచ్చామని మైకులో చాటింపు! ప్రశ్నపత్రం తనే రాసుకుని, తనే దిద్దుకుని, క్లాసు ఫస్టు వచ్చానని ఊరేగినట్టుంది.

విమానం ముందొచ్చిందే గానీ, అది ఆగాల్సిన చోట ఇంకోటి నిలబడి ఉంటుంది. ఈలోగా మనవాళ్లంతా లేచి నిలబడతారు. పైన సామాన్ల అర, కింద వంచిన మెడ, చెవి దగ్గర ఎవరిదో బ్యాగు జిప్పు. మిగిల్చిన ఇరవై నిమిషాలూ ఆ భంగిమలోనే హారతి కర్పూరం.

తలుపు తీశాక బస్సెక్కిస్తారు. అది యాభై అడుగులు వెళ్లి ఆగుతుంది.

ఇక నవ్వు రావడం లేదు. గాజువాక వాళ్లకు ఇన్నాళ్లూ నేవీ వాళ్ల రన్‌వే మీది ఎయిర్‌పోర్టే పక్కవీధి. భోగాపురమంటే మధురవాడ దాటి, తగరపువలస దాటి దాదాపు అరవై కిలోమీటర్లు. చూపు ఆనని స్టీల్‌ప్లాంట్ రిటైర్డు ఉద్యోగి హైదరాబాద్‌లో కంటి ఆపరేషన్‌కు రావాలంటే తెల్లవారుజామున ఆ దూరమంతా క్యాబ్‌లో పోవాలి. కొత్త ఎయిర్‌పోర్టు అక్కర్లేదని నేననను. కానీ అక్కడికి మామూలు మనిషి ఎలా చేరాలో ముందు ఆలోచించరేం? వైజాగ్ మెట్రో ఏళ్లుగా కాగితాల మీదే పరుగెడుతోంది. ఇక్కడ శంషాబాద్ మెట్రోకు 2022 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. తర్వాత ప్రభుత్వం మారింది, మెట్రో రూటూ మారింది. రైలొక్కటే రాలేదు. ఎవడి జేబులోంచి పోతోందని వీళ్లకింత నింపాది? క్యాబ్‌కు కట్టేది మనమే కదా!

గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 నుంచి నడుస్తోంది. సాయంత్రం ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి వైజాగ్‌లో, ఊళ్లోనే దింపుతుంది. సంక్రాంతికి దాంట్లో నాకో బెర్తు దొరికేలా చూడండి. మీ గంట సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం.