జెల్లుకోటు పద్యం: టీకా తాత్పర్య సహితం

తే. గీ.
గాయ మెంతయొ చూచి యా గట్టు గీకి
చెమ్మ యారిన పిమ్మటన్ జెల్లుకోటు
నూట నొకపాలు హార్డనర్ నూరి పూసి
గాలి తగలక కప్పుము, కడకు రుద్దు.

అవతారిక: హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడిపేవారికి గాలి ఉన్నంతసేపు నెక్లెస్ రోడ్డు చాలు. పడవ గీసుకుపోయిందా, నాచారం దారి తెలియాలి. ఉప్పల్ నల్లచెరువులో తెరచాప లేవదు గానీ, ఫైబర్ తొట్లూ తలుపులూ పోసే చేతులు ఇటు, ఉప్పల్ నాచారం షెడ్లలోనే దొరుకుతాయి. వారికి పడవ కొత్తేమీ కాదు. అదే మ్యాటు, అదే రెజిను, కళ్ళు మండించే అదే వాసన. ప్రస్తుత కావ్యనాయిక ఆప్టిమిస్టు, అనగా 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం రూపొందించిన బుల్లి పడవ. నిడివి ఎనిమిదడుగులకు లోపు, బరువు 35 కిలోలు. పందెంలో బోయా చుట్టూ మలుపు తిరిగేటప్పుడు ఇంకో పడవ ముక్కు తగిలి పక్కన తెల్లపూత లేచింది. పద్యానికి సందర్భమిది. పద్యకర్తా వ్యాఖ్యాతా ఒక్కరే కనుక కవిహృదయం విషయంలో వివాదం రాదనుకుంటే పొరపాటు.

టీక: గాయము ఎంతయొ చూచి = దెబ్బ లోతు తెలిసికొని. పైకి కనబడే తెల్లపూతే జెల్‌కోటు, దాని మందం అర మిల్లీమీటరు, మహా అయితే ఇంకొంచెం. దాని కింద రెజినులో నానిన గాజునారు. రూపాయి బిళ్ళతో చుట్టూ తట్టి చూడాలి. టంగుమంటే దెబ్బ పూతతో ఆగింది. బొదబొదమంటే లోపల పొరలు విడిపోయాయి. అప్పుడు పాత మ్యాటు తీసి కొత్తది వేయవలసిందే, దానికి ఈ పద్యం చాలదు.

ఆ గట్టు గీకి = గట్టు అనగా ట్యాంక్‌బండ్ అని ఒక వ్యాఖ్యాత. పదహారో శతాబ్దం నాటి కట్టను గీకమని కవి చెప్పడు, చెప్పినా పోలీసులు ఒప్పుకోరు. గట్టు అనగా దెబ్బ అంచు. వదులైన పూతంతా రాలేదాకా గీకి, అంచును ఏటవాలు చేయాలి. నిట్టనిలువు అంచు దగ్గర అతుకు గీతలా కనబడిపోతుంది. వెంట్రుకవాసి పగుళ్ళుంటే ఒక్కొక్కదాన్నీ నాగటి చాలులాగా తెరవాలి, పైన పూసి కప్పితే మళ్ళీ అక్కడే విచ్చుకుంటాయి.

చెమ్మ యారిన పిమ్మటన్ = పద్యానికి ప్రాణం ఇక్కడుంది, అందరూ దాటవేసేదీ ఇదే. పూత పగిలినచోట నీరు గాజునారు వెంట లోపలికి పాకుతుంది. పైభాగం గంటలో ఆరుతుంది, లోపలిది ఆరదు. దాని మీద పూస్తే పట్టు చిక్కదు, కొన్నాళ్ళకు బొబ్బలెక్కుతుంది. చిక్కేమిటంటే హుస్సేన్‌సాగర్‌కు మంచి గాలి వచ్చేది జూలై వానల్లో. పందేలూ అప్పుడే, గుద్దుకోవడమూ అప్పుడే, ఏదీ ఆరనిదీ అప్పుడే. కనుక పడవను బోర్లించి, నీడన పెట్టి, ఫ్యాను వేసి, రోజుల తరబడి ఊరుకోవాలి. హెయిర్ డ్రయ్యరు వాడవచ్చు, చేయి పెడితే ఓర్చుకోగల వేడి వరకే. ‘అసిటోనుతో తుడిచి’ అన్నది మూలంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి. మైనపు పాలిషు ఉన్న పడవనైతే గీకకముందే తుడవాలి, లేకుంటే మైనం గీతల్లోకి దిగి కూర్చుంటుంది.

నూట నొకపాలు = వంద గ్రాముల జెల్‌కోటుకు ఒక గ్రాము హార్డనరు. ‘నూట నిరుపాలు’ అని పాఠాంతరం. ఛందస్సుకు రెండూ సమ్మతమే. మొదటిది మే నెల ప్రతి, రెండవది డిసెంబరు ప్రతి అని మా నిర్ణయం. ఉప్పల్ ఎండలో రెండు పాళ్ళు పోస్తే పూసేలోపే గిన్నెలో గడ్డకడుతుంది. ఒకటికి తగ్గిస్తే సరిగా గట్టిపడదు. షెడ్డుల్లో సీసామూత లెక్క నడుస్తుంది. తొట్టికి సరిపోతుందేమో, గోరంత అతుకుకు సిరంజి కావాలి.

నూరి = కలిపి అని లక్ష్యార్థం. ఇది త్రిఫలాచూర్ణం కాదు. హార్డనరు అసలు పేరు మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడు. కంట్లో పడితే చూపే పోవచ్చు, అద్దాలు తప్పవు. రెజిను త్వరగా గట్టిపడేందుకు వాడే కోబాల్టుతో దీన్ని నేరుగా కలిపితే రౌద్రరసం, మంటా పేలుడూ. కోబాల్టు ముందే రెజినులో కలిసిపోయి ఉండాలి.

గాలి తగలక = తగలకుండునట్లు. విరోధాభాసాలంకారం. గాలితో బతికే పడవకు గాలి సోకని పూత! పరిహారమేమంటే, మామూలు జెల్‌కోటు పైపొరను గాలిలోని ఆక్సిజను గట్టిపడనీయదు, ఎన్నాళ్ళున్నా బంకగానే ఉంచుతుంది. ప్లాస్టిక్ షీటు పరిచి, బుడగలు లేకుండా నొక్కి, అంచులకు టేపు వేయాలి. గాలిని ఆపే పీవీఏ పొర పూసినా సరే.

కడకు రుద్దు = కవి రెండే మాటల్లో తేల్చాడంటే రుద్దింది వేరెవరో. చెక్కముక్కకు వాటర్ పేపరు చుట్టి, నీళ్ళు చల్లుతూ, 400, 600, 800, 1200 నంబర్లు వరుసగా, ఆపైన రబ్బింగ్ కాంపౌండు. వేళ్ళతో రుద్దితే గుంట పడుతుంది.

తాత్పర్యం: దెబ్బ చూసి, గీకి, ఆరబెట్టి, కొలిచి కలిపి, పూసి, కప్పి, రుద్దవలెనని భావము.

విశేషం: ఎం-సీల్ మతస్థులు ఇవేవీ అక్కర్లేదు, పిసికి అంటిస్తే చాలంటారు. ఒడ్డు చేరడానికైతే ఒప్పుకుంటాం. కానీ అది ఎపాక్సీ, దాని మీద పాలియెస్టరు జెల్‌కోటు నమ్మకంగా పట్టదు. తరువాత వచ్చేవాడు ముందు దాన్ని చెక్కి పారేయాలి. ఇక పందెపు పడవకు మరమ్మతంటే పాత ఆకారం తిరిగి రప్పించడమే. వేగం కోసం అడుగు చెక్కి నునుపు తేల్చుతానంటే క్లాసు నిబంధనలు ఒప్పవు. రంగు మాటకొస్తే, డబ్బాలోని తెలుపు ఎండకు మాగిన పడవ తెలుపు కాదు. చిటికెడు పసుపు, అంతకన్నా తక్కువ నలుపు పిగ్మెంటు కలిపి, హార్డనరు వేసిన చుక్కను పడవ మీదే ఓ మూల పెట్టి, ఆరాక చూడాలి. తడిగా ఉన్నప్పుడు కుదిరిన రంగు ఆరాక మారుతుంది.