కడలై మిఠాయికి నాలుగు మార్కులు

కోవిల్‌పట్టి చుట్టుపక్కల కాలేజీల్లో పాఠాలు చెప్పుకుని బతికే సార్లకు, మేడంలకు ఒక ఉచిత సలహా. సెమిస్టర్ చివర పిల్లల చేత ఫీడ్‌బ్యాక్ నింపించే రోజున చాక్‌పీసు మరిచిపోయినా పర్వాలేదు, ఓ కేజీ కడలై మిఠాయి మాత్రం మరవకండి. ఇది నా కొంటెతనం కాదు. జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో వైద్య విద్యార్థుల్ని గుంపులుగా విడదీసి, సగం గుంపులకు పాఠంతో పాటు చాక్లెట్ బిస్కెట్లు పెట్టారు. మిగతా సగానికి ఉత్త పాఠమే. బిస్కెట్లు తిన్నవాళ్ళు సార్లకే కాదు, పాఠ్యసామగ్రికి కూడా ఎక్కువ మార్కులు వేశారు. 2018లో అచ్చయిన పరిశోధన ఇది. ఊరూ పేరూ లేని బిస్కెట్లకే అంత మహిమ ఉంటే, 2020లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న కోవిల్‌పట్టి సరుకుకు ఎంతుండాలి? బెల్లం పాకంలో పడ్డ వేరుశనగపప్పు ముందు ఏ థర్మోడైనమిక్స్ నిలుస్తుంది?

ఫారం సంగతి చూడండి. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ సంస్థ 2017లో తన పద్ధతి మార్చినప్పుడు విద్యార్థి సంతృప్తి సర్వే అని ఒకటి పెట్టింది. మొత్తం ఇరవై ఒక్క ప్రశ్నలు. ఇరవైటికి జవాబులు ముందే రాసి ఉంటాయి, ఒకటి నొక్కడమే. మొట్టమొదటి ప్రశ్న: క్లాసులో సిలబస్ ఎంత శాతం పూర్తయింది? 85 నుంచి 100 దాకానా, 70 నుంచి 84 దాకానా? పల్లె నుంచి వచ్చే బస్సు దొరక్క మొదటి పీరియడ్ సగం రోజులు పోగొట్టుకున్న కుర్రాడు, సిలబస్ కాగితం మొహమే చూడనివాడు, 84కీ 85కీ మధ్య గీత గీసి చెప్పాలట!

న్యాక్ ఆ ప్రశ్నల్ని సార్లందరినీ కలిపి అడిగింది. చాలా కాలేజీలు అంతటితో ఊరుకోలేదు. వాటినే దించుకుని, ఒక్కో సారు పేరుకు ఒక్కో ఫారం తగిలించాయి. నింపనిదే హాల్ టికెట్ రాదని షరతు పెట్టినవీ ఉన్నాయి. పిల్లవాడు ఏం చేస్తాడు? బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుకుంటూ పోతాడు. లెక్కల సారుకు నాలుక్కి నాలుగు, ఫిజిక్స్ మేడానికి నాలుగు, ఎవరు చెప్పారో గుర్తులేని ఎలక్టివ్‌కు కూడా నాలుగే. అటెండెన్స్ దగ్గర చీవాట్లు పెట్టిన సారు పేరు వచ్చేసరికి మాత్రం వేలు ఆగుతుంది. గట్టిగా ఊపిరి పీల్చుకుని ఆఖరి గడి మీద పడుతుంది.

ఈ బొటనవేళ్ళన్నిటినీ కూడి, భాగించి, రెండు దశాంశ స్థానాల దాకా తీస్తే వచ్చేదానికి బోధనా ప్రమాణం అని పేరు. 3.72 వచ్చినవాడికి ప్రశంస, 3.68 వచ్చినవాడికి మెమో. పర్మనెంటు వాళ్ళు దులుపుకుని పోతారు. కాంట్రాక్టు మీద, గంటల లెక్కన పనిచేసేవాళ్ళకు ఆ సౌకర్యం లేదు. కాబట్టి ముఖ్యమైన ప్రశ్నలు ముందే చెప్పేస్తారు, ఇంటర్నల్ మార్కులు ధారాళంగా పంచుతారు. సారు పిల్లలకు మార్కులు వేస్తాడు, పిల్లలు సారుకు వేస్తారు, ఇద్దరూ పాసు. ఇచ్చిపుచ్చుకోవడాలు ఇంత సజావుగా పెళ్ళిళ్ళలో కూడా జరగవు.

ఇలా సంపాదించిన మంచిపేరు ఏపాటిదో అమెరికా వైమానిక దళ అకాడమీలో తేలింది. అక్కడ ఏ కేడెట్ ఏ సారు క్లాసులో పడతాడో వాళ్ళ చేతిలో ఉండదు, పరీక్ష మాత్రం అందరికీ ఒకటే. ఇంతకన్నా మంచి తక్కెడ ఎక్కడ దొరుకుతుంది? స్కాట్ కారెల్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు ఆ లెక్కలు తీసి 2010లో ప్రకటించారు. తమ కోర్సులో మార్కులు బాగా తెప్పించిన సార్లకు పిల్లలు మంచి రేటింగే ఇచ్చారు. కాని ఆ పిల్లలే పై కోర్సులకు వెళ్ళాక వెనకబడ్డారు. మెప్పు పొందని సార్ల దగ్గర చదివినవాళ్ళు ముందుకు పోయారు. 2018లో టొరంటోలోని రయర్సన్ విశ్వవిద్యాలయానికీ అధ్యాపకులకూ నడిచిన వివాదంలో మధ్యవర్తి విలియం కాప్లాన్, ప్రమోషన్లకు బోధనా సామర్థ్యాన్ని ఈ రేటింగులతో కొలవకూడదని తీర్పే ఇచ్చాడు.

కోవిల్‌పట్టి దగ్గరి మా ఎట్టయాపురం లెక్క ఇంకా విడ్డూరం. వాగ్గేయకారులు ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితుల దౌహిత్రుడు, దత్తపుత్రుడు సుబ్బరామ దీక్షితులు పుట్టిందే 1839లో. పెద్దాయన్ను కళ్ళతో చూసింది లేదు. ఆ సుబ్బరామ దీక్షితులు తాతగారి దగ్గర నేర్చుకుని, పెద్దాయన కీర్తనల్ని స్వరపరిచి రాసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయాపురంలోనే తెలుగు అక్షరాల్లో అచ్చయింది. పెద్దాయనకు అందిన ఫీడ్‌బ్యాక్ అది, 69 ఏళ్ళు ఆలస్యంగా. ఇవాళ్టి ఆఫీసులో అయితే ఏం రాస్తారు? ఆ సెమిస్టర్‌లో వచ్చిన స్పందనలు: సున్నా. గడువు దాటాక అందినది: ఒకటి. పంపినవాడి పేరు రోల్ లిస్టులో లేదు గనక తిరస్కరించడమైనది.

సార్లందరూ దీక్షితులా అంటారు. కారు. పసుపుపచ్చబడ్డ నోట్సును ఏటేటా అప్పజెప్పే మహానుభావుల్ని ఈ జిల్లాలో ఎవరూ ఎరగనిది కాదు. పిల్లల నోరు నొక్కమని నేను అనను. సారు గంట కొట్టగానే వస్తాడా, గొంతు వెనక బెంచీ దాకా వినిపిస్తుందా, సందేహం అడిగితే చెప్తాడా కసురుతాడా అన్నది వాళ్ళు తప్ప ఎవరూ చెప్పలేరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడి వచ్చే పిల్లకు క్లాసులో ఇంగ్లీషు ఎక్కడ అందకుండా పోతుందో ఆ పిల్లకే తెలుసు. కాని సారుకు సబ్జెక్టు ఎంత లోతుగా వచ్చో చూడాల్సింది అదే సబ్జెక్టు తెలిసిన మరో సారు, వెళ్ళి క్లాసులో కూర్చుని. ఆ పని చెయ్యడానికి మాత్రం ఎవరికీ తీరికుండదు. ఎక్సెల్ షీటు అయితే కుర్చీలోంచి లేవకుండా అయిపోతుంది.

ఆ ఇరవై ఒకటో ప్రశ్న ఒకటి మిగిలింది. బోధన మెరుగుపడటానికి మూడు సూచనలు రాయమంటుంది. సగటు తియ్యడానికి లొంగదు గనక దాని గొడవ ఎవరికీ పట్టదు. పిల్లలూ, ఈసారి ఫారం వచ్చినప్పుడు ఇరవై గడుల్లో మీ ఇష్టం వచ్చింది నొక్కుకోండి. ఇరవై ఒకటోదాంట్లో మాత్రం ఉన్నది ఉన్నట్టు, మీకు చేతనైన భాషలో రాయండి. ప్రిన్సిపాల్ గారూ, మీరు చదవాల్సింది అదొక్కటే.