పదిహేడు మూళ్లు యాభై ఒకటి

తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పే రోజుల్లో ఒక తెలివితక్కువ పని చేశాను. అందులో సగమే దిద్దుకున్నాను. మిగతా సగం ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

ఆ రోజు నల్లబల్ల మీద 31, 331, 3331, 33331 అని వరసగా రాసుకుంటూ 33333331 దాకా వెళ్లాను. ఏడుకు ఏడూ ప్రధాన సంఖ్యలే. "ముందు ఎన్ని మూళ్లు చేర్చుకుంటూ పోయినా, చివర ఒకటి ఉంటే అది ప్రధాన సంఖ్యే" అని పిల్లలకు చెప్పేశాను. ఎక్కడో చదివిన ఆ వరస ఎంత ముచ్చటగా ఉందంటే, ఎనిమిదోదాన్ని భాగించి చూడాలని నాకు తోచనే లేదు.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "సార్, 333333331 పదిహేడో ఎక్కంలో పోతోంది సార్."

"ఎక్కడో లెక్క తప్పి ఉంటావమ్మా, కూర్చో" అన్నాను. తన నోటుపుస్తకం నా వైపు చాపింది. నేను చూడలేదు.

రాత్రి నిద్ర పట్టక లేచి కాగితం మీద భాగహారం వేశాను. 33లో పదిహేడు ఒకసారి, శేషం 16. ఆ తర్వాత శేషాలు వరసగా 10, 1, 13, 14, 7, 5. చివరి ఒకటిని దించితే 51. పదిహేడు మూళ్లు యాభై ఒకటి. శేషం సున్నా. భాగఫలం 19607843.

అప్పుడు కూర్చుని ఆలోచిస్తే ఇంకో సంగతి తెలిసింది. పదిహేను మూళ్లు వరసగా రాస్తే ఆ సంఖ్యను 31 నిశ్శేషంగా భాగిస్తుంది. దాని పక్కన 31 చేర్చినా భాగిస్తుంది. అంటే పదహారు మూళ్లు, చివర ఒకటి ఉన్న సంఖ్య ప్రధాన సంఖ్య అయ్యే వీలే లేదు. నేను మొట్టమొదట రాసిన 31 ఒక్కటి చాలు, నా నియమం నిలవదని చెప్పడానికి.

ఫెర్మా అంతటివాడు కూడా 3, 5, 17, 257, 65537 చూసి, ఆ వరసలో తర్వాత వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. తర్వాతిదైన 4294967297ను 641 భాగిస్తుందని 1732లో ఆయిలర్ తేల్చాడు. ఫెర్మా పేరు తలచుకుని ఊరట పొందే హక్కు నాకు లేదు. నా ఎదుట లెక్క చేసిన నోటుపుస్తకం పట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉంది.

మర్నాడు "నిన్న చెప్పింది తప్పు" అని నల్లబల్ల మీద భాగహారం మొత్తం చేసి చూపించాను. తప్పు పట్టుకున్నది ఎవరో మాత్రం చెప్పలేదు. పిల్లలంతా ఎక్కించుకుంటున్నారు. ఆ అమ్మాయి ఒకసారి నా వైపు చూసి, తల వంచుకుని తనూ రాసుకుంది, అప్పటికే తన పుస్తకంలో ఉన్న ఆ భాగహారాన్ని.

మా తరగతిలో ఆ సంఖ్యను మొదట భాగించింది ఆ అమ్మాయి. ఆ మాట ఆ రోజే, అందరి ముందూ అనాల్సింది.