చుక్కాని కట్టేసి కునుకు తీయడం ఎలా?

జాషువా స్లోకమ్ ‘స్ప్రే’ అనే తెరచాప పడవలో 1895లో బోస్టన్ నుంచి ఒక్కడే బయల్దేరి, ప్రపంచం చుట్టి 1898లో తిరిగొచ్చాడు. హిందూ మహాసముద్రంలో 2,700 మైళ్లు 23 రోజుల్లో దాటాడు. అందులో చుక్కాని పట్టుకున్నది సుమారు మూడు గంటలేనట! పడవ అడుగు ఆకారం, తెరచాపల అమరిక ఒకదానికొకటి కుదిరాయి గనుకనే అలా నడిచిందని పండితులంటారు. నమ్మకండి. ఆయన బద్ధకస్తుడు. మనమూ అంతే. ఇంకేం కావాలి?

1. వెనక బాగా వెడల్పుగా, ముందు సూదిలా ఉన్న పడవ కొనండి. వెనక ఆరుగురు కూర్చుని పకోడీలు తినొచ్చు. ఒరిగినప్పుడు ఆ వెడల్పు భాగం పైకి లేస్తుంది, చుక్కాని సగం నీళ్లు వదిలేస్తుంది, ముక్కు దిగబడి పడవ గాలివైపు తిరుగుతుంది. రేవులో కట్టి ఉండగా ఇవేవీ కనపడవు కనుక లేనట్టే. పాత స్ప్రేని మళ్లీ కట్టడానికి స్లోకమ్‌కి 13 నెలలు పట్టింది. మీరు దిండు గలీబుల రంగు చూసి అరగంటలో తేల్చేయండి.

2. మాస్ట్‌ని (తెరచాప స్తంభాన్ని) బాగా వెనక్కి వాల్చండి. ఫొటోలో దర్జాగా ఉంటుంది. ఎంత వాల్చావని అడిగితే “రేసు కొలత” అనండి. తాడుకి బరువు వేలాడదీసి కొలవడం పనిలేనివాళ్ల పని.

3. గాలి పెరిగిందా? తెరచాప కుదించాలంటే లేవాలి. వద్దు. ముందు తెరచాప టపటపలాడి నిద్ర చెడగొడుతుంది కాబట్టి దాన్ని మాత్రం దించేయండి. వెనక ఉన్న పెద్ద తెరచాప తాడు బిర్రుగా లాగి, విప్పడానికి వీల్లేని ముడి వేయండి. ఇప్పుడు గాలి బలమంతా వెనకే. పడవ ఎంత ఒరిగితే అంత మొండిగా గాలికి ఎదురు తిరుగుతుంది.

4. చుక్కాని పిడి బరువెక్కిందా? కాలు తన్నిపెట్టి రెండు చేతులా లాగండి. అడ్డం తిరిగిన చుక్కాని బ్రేకులా పనిచేస్తుంది, అదే ఖర్చుకి ప్రయాణం ఎక్కువసేపు సాగుతుంది. పొరపాటున కూడా ఆ పెద్ద తెరచాప తాడు జానెడు వదలకండి. పడవ నిటారుగా లేచి, పిడి తేలికైపోయి, తప్పు మీదేనని పక్కవాడికి తెలిసిపోతుంది.

5. ఇదంతా విసుగనిపిస్తే తలకిందులు చేయండి: వెనక తెరచాప దించి, ముందు పెద్దది ఒక్కటే ఎత్తండి. ఇక పడవ గాలివాటుకి తిరిగిపోతూనే ఉంటుంది. మీరు నీళ్లలో పడ్డా ఆగదు, చక్కగా వెళ్లిపోతుంది. కోరుకున్నది అదేగా, మనిషి లేకుండా నడిచే పడవ!

6. చుక్కాని కట్టేసి పడుకోండి. స్లోకమ్ దారిలో వెనక ఇంకో చిన్న తెరచాప కూడా అమర్చుకున్నాడు. అది ఆయన చాదస్తం.

7. సాకులు ముందే రాసిపెట్టుకోండి. “ఉన్నట్టుండి సుడిగాలి” మొదటిది. “కింద ప్రవాహం” రెండోది, దాన్ని ఎవరూ దిగి చూడరు. “మా బావమరిది బ్యాగు ఎడమవైపు పెట్టాడు” అన్నది కుటుంబం లేనప్పుడే వాడాలి. ఏదీ పారకపోతే, ఆడలేనివాడికి మద్దెల ఉన్నట్టు, మనకి పడవ డిజైన్ చేసినవాడున్నాడు. కాపాడటానికి వచ్చినవాళ్లకి మాత్రం ఏమీ చెప్పకండి. అరచేతుల్లో బొబ్బలు చూపించి, టీ ఉందా అని అడగండి.