మబ్బాయన

ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒక మబ్బాయన ఉంటాడు. మా దాంట్లో మూడో అంతస్తు. ఉద్యోగం ట్రెజరీలో, ధ్యాస ట్రోపోస్ఫియర్‌లో. సాయంత్రం లిఫ్టు ఆగకుండా పైకి పోతోందంటే అందులో ఆయన ఉన్నట్టే. టెర్రస్ మీద సింటెక్స్ ట్యాంకు పక్కన ఆయనకో చోటుంది. అక్కడ మోకాళ్లు కాస్త వంచి, మెడ వెనక్కి వాల్చి నిలబడితే సెల్ టవరూ, కేబుల్ వైర్లూ, ఎదురింటివాళ్ల దండెమూ ఫ్రేములోకి రావు. ఆ చోటు కనిపెట్టడానికి ఒక వానాకాలం పట్టిందట. "మా ఊళ్లో ఎక్కడ నిలబడినా వైర్లు రావు సార్" అని వాచ్‌మన్ ఆయన గాలి తీసేస్తుంటాడు.

ఫొటో తీయడం పెద్ద తతంగం. ముందు చొక్కా అంచుతో లెన్సు తుడవాలి. తర్వాత మబ్బు బాగా తెల్లగా ఉన్నచోట తెర మీద వేలు నొక్కిపట్టి, పక్కన ప్రత్యక్షమయ్యే బుల్లి సూర్యుణ్ణి కిందికి జరపాలి. అంతవరకూ సున్నం కొట్టిన గోడలా ఉన్న మబ్బుకి మడతలూ నీడలూ పుట్టుకొస్తాయి. ఇది నాకు చూపించినప్పుడు "అబ్బో" అన్నాను. ఆ మరునాటి నుంచి గుడ్ మార్నింగుకి బదులు నాకు మబ్బులొస్తున్నాయి. తామరపువ్వు మీద సుభాషితం కన్నా అదే నయమనుకోండి.

"ఆ మబ్బు ఏనుగులా ఉంది కదూ" అన్నామా, ఆయనకి ఒళ్లు మండుతుంది. "ఏనుగేంటండీ, క్యుములస్!" 1802లో లండన్‌లో లూక్ హోవార్డ్ అనే మందుల తయారీదారు ఉపన్యాసమిచ్చి మబ్బులకి లాటిన్ పేర్లు పెట్టాడన్న సంగతి మా బిల్డింగులో అందరికీ తెలుసు. బోరు రిపేరు కోసం పెట్టుకున్న మీటింగులో చెప్పాడు. ప్రపంచ వాతావరణ సంస్థ తన మేఘాల అట్లాసులో 2017లో కొత్తగా చేర్చిన ఆస్పరిటాస్, అదే అలలు తిరగేసినట్టుండే మబ్బు, ఒక్కసారి మన నెత్తి మీదికి రావాలని ఆయన కోరిక. అన్నట్టు 2021 జూన్‌లో హైదరాబాద్‌లో సూర్యుడి చుట్టూ గుడి కట్టింది గుర్తుందా? ఎత్తున ఉండే పల్చటి మబ్బుల్లోని మంచు పలుకుల గుండా ఎండ వంగి, 22 డిగ్రీల దూరంలో గీసే వలయం. నగరమంతా మేడలెక్కి ఫొటోలు తీసుకుంది. ఈయన ఫోను మాత్రం ఆ పూట బియ్యం డబ్బాలో ఆరుతోంది, ముందురోజు వానలో తీసిన ఫొటోల పుణ్యమా అని.

అస్తమయాలు తీసేవాళ్లంటే ఆయనకి చిన్నచూపు. అందరూ పడమరకి ఎగబడుతుంటే, ఈయన సూర్యుడికి వీపు పెట్టి తూర్పుకి తిరుగుతాడు. అక్కడ దూరాన నిలబడ్డ మబ్బుకి మొదలంతా అప్పటికే బూడిదరంగు, నెత్తిన మాత్రం ఎండ మిగిలుంటుంది. పొద్దువాలే వెలుగు గాలిలో అంత దూరం నడిచొచ్చేసరికి నీలం దారిలోనే చెదిరిపోతుంది కదా, ఆ మిగిలిన ఎరుపు తగిలి మబ్బు నెత్తి కాసేపు నారింజ పండుతుంది. ఆ కాసేపూ ఆయన నోరు మెదపడు. మిగతా రోజంతా మెదుపుతాడు గనక మాకూ అది చూడముచ్చటైన వేళే.

ఇంత తెలిసినవాణ్ణి వాన పడుతుందా అని మాత్రం అడక్కూడదు. మే నెలలో ఓ మధ్యాహ్నం కీసర వైపు క్యుములోనింబస్ లేచింది. దాని తల పైకి పోయి పోయి, ఇక ఎదగడానికి దారిలేక పక్కలకి పరుచుకుంటోంది. వడియాలు తీసుకురమ్మని వాళ్లావిడ ఆయన్ని మేడ మీదికి పంపింది. "ఏం కట్టడమండీ!" అనుకుంటూ ఆయన వీడియోకి కూర్చున్నాడు. చినుకులు పడ్డాయి, ఉరిమింది, చీరమీది వడియాలు మళ్లీ పిండయ్యాయి. "మబ్బుల్లో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకునేవాళ్లున్నారని విన్నాను గానీ, ఏకంగా వడియాలు పోసుకునేవాణ్ణి కట్టుకున్నాను" అందావిడ. ఆయన తల పైకెత్తలేదు. ఎత్తే పని అయిపోయింది, ఇప్పుడు వేగం పెంచిన వీడియోలో మబ్బు ఉబకడం చూసుకుంటున్నాడు.

శ్రావణంలో మేనకోడలి పెళ్లి. ఎదురుకోలు వేళకి ఫొటోగ్రాఫరు రాలేదు. "మావయ్యకి అలవాటేగా" అని ఎవరో అన్నారు. పైన చూస్తే వాన వెలిసిన ఆకాశం. వారం తర్వాత పెళ్లికూతురి తండ్రి ఫోన్ చేశాడు.

"ఫొటోలు అందాయి బావా. ఆకాశం అద్భుతంగా వచ్చింది. మా అల్లుడెక్కడ?"

"సరిగ్గా చూడండి బావగారూ, కింద కుడి మూల. తలపాగా కనిపిస్తుంది."