ఫిరంగుల గాలి

కర్లపాలెంలో మా పెద్దమ్మకి రెండెకరాల వేరుశనగ చేను ఉంది. దాన్ని కౌలుకి అడగడానికి ఒక కుర్రాడు వచ్చాడు. చెరువు తవ్వి రొయ్యలు వేస్తాడట. చదువుకున్న పిల్లాడు, మాట తీరు మంచిది. 1990ల్లో టైగరు రొయ్యని తెల్లమచ్చ తెగులు ఊడ్చిపెట్టిన సంగతి తనే ఎత్తాడు. 2009లో వనామి మన దేశంలో అడుగుపెట్టాక కోస్తా మళ్లీ ఎలా లేచిందో చెప్పాడు. ఫోనులో తన స్నేహితుడి చెరువు చూపించాడు. ఏరేటర్ల చక్రాలు గిరగిరా తిరుగుతుంటే నీళ్లు తెల్లగా ఎగజిమ్ముతున్నాయి.

"గోయింగ్ గ్రేట్ గన్స్ మామ్మగారూ!" అన్నాడు.

పెద్దమ్మ నా వంక చూసింది. "వ్యాపారం మంచి జోరు మీదుందంటున్నాడు" అన్నాను.

"గన్నంటే తుపాకీ కదరా? రొయ్యలకి తుపాకులెందుకు?"

అడగాల్సిన ప్రశ్నే. గ్రేట్ గన్స్ అంటే పాతకాలం ఇంగ్లీషు యుద్ధనౌకల మీది పెద్ద ఫిరంగులు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ ఎక్కిన విక్టరీ ఓడ మీద అవి నూటికి పైనే. నడిసముద్రంలో తుఫాను గాలి హోరెత్తితే ఓడవాళ్లకి ఆ ఫిరంగుల మోతే గుర్తొచ్చేది. గాలి గ్రేట్ గన్స్ వీస్తోంది అనేవారు. ఆ మాట ఒడ్డెక్కి, ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి పందేలకీ వ్యాపారాలకీ పాకింది. జోరుగా సాగే ప్రతిదానికీ మెచ్చుకోలైంది. ప్రాణభయంలో పుట్టిన మాట ఇలా పొగడ్తగా మారిపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అదంతా పెద్దమ్మకి విడమరిచి చెప్పాను.

శనక్కాయలు ఒలుస్తున్న చెయ్యి ఆగింది. పెద్దమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19, శనివారం, కార్తీకమాసం. వేలమందిని మింగిన ఉప్పెన వచ్చిన రోజు ఆమె పుట్టింట్లోనే ఉంది.

"ఆ గాలి నేను విన్నా నాయనా," అంది. "తలుపు గడియ ఊడొచ్చేదాకా అట్టాగే మోగింది. గాలి వెనకాలే నీళ్లు. కోతకొచ్చిన వరి నీళ్లపాలైంది. నీళ్లు తీశాక చూస్తే చేలో తెల్లగా ఉప్పు పేరింది. బావి నీళ్లు నోట్లో పోసుకోలేకపోయాం."

కుర్రాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. అతని మొహంలో నిజంగానే జాలి కనిపించింది.

"ఇక్కడ అట్టాంటి భయమేం లేదు మామ్మగారూ. ఉప్పెనతో పని లేదు. ఉప్పునీళ్లు మేమే బోరు వేసి తెచ్చుకుంటాం" అని ధైర్యం చెప్పాడు.

"అదే అడుగుతున్నా," అంది పెద్దమ్మ. "మా నాన్న పొలంలో ఉప్పెన ఉప్పునీళ్లు ఊరికే పెట్టిపోయింది. నువ్వు ఎకరానికి ఎంతిచ్చి పెడతావు?"